మన్సూర్ సరే, హుజూర్‌నగర్ మాటేమిటి?

దర్బారుకీ దీన్ పెద్దలకీ ఎదురు నిలిచిన మనిషి మాలో పుట్టినప్పుడల్లా మేం పోలికలకి తడుముకోం. బాగ్దాద్‌కి మన్సూర్ హల్లాజ్ ఉన్నాడు. ఢిల్లీకి సర్మద్ ఉన్నాడు. మఖ్దూం మొహియుద్దీన్‌నీ ఆ వరసలోనే నిలబెడతాం. ఆ పోలిక ఎంతవరకు ఆగుతుందో ఒకసారి చూడాలి.

హల్లాజ్‌ను 922లో చంపారు. పేరుకి మతద్రోహం. వెనక ఖలీఫా కొలువులో వజీర్ల కుమ్ములాటలు. సర్మద్ గోల్కొండ రాజ్యంలో కొన్నాళ్లుండి ఢిల్లీ చేరిన ఫకీరు. 1661లో, ఔరంగజేబు ఏలుబడిలో, అతని తల తీశారు. బట్ట కట్టడనీ, కలిమా సగమే చదువుతాడనీ అభియోగం. కానీ అతను దారా షికో మనిషన్న సంగతి గద్దె మరిచిపోలేదు. గద్దెకి అక్కర్లేని తలను మతం పేరు చెప్పి తీయడం మా చరిత్రలోనూ ఉంది. దాన్ని మేం దాచుకోం.

మఖ్దూం 1908లో మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఉస్మానియాలో ఎం.ఎ. చేసి సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆ కొలువొదిలి కార్మిక సంఘాల్లోకి, కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్లాడు. హల్లాజ్ 'అనల్ హఖ్' అన్నాడని చెప్పుకుంటాం. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఆనాడు హైదరాబాదు ముసల్మాన్లకి నేర్పింది 'అనల్ మాలిక్'. నేనే రాజునని! రిక్షా తొక్కేవాడూ రాజే, మిల్లులో దూది దుమ్ము మింగేవాడూ రాజే. ఈ రాజుల రోజు కూలీ ఎంత అని అడిగినవాళ్లలో మఖ్దూం ఒకడు. అదే అతని ద్రోహం.

నిజాం సర్కారు వెంటాడితే అజ్ఞాతంలోకి పోయాడు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన కూలింది, మఖ్దూం మీద వేట మాత్రం ఆగలేదు. 1951లో అతన్ని జైల్లో పెట్టింది భారత ప్రభుత్వం. రాజ్యం చేతులు మారింది. నేరస్తుడు మాత్రం మారలేదు. ఇక్కడిదాకా పోలిక కుదురుతుంది.

ఆ తర్వాతే తెగిపోతుంది. 1952లో హుజూర్‌నగర్ నుంచి పి.డి.ఎఫ్. తరఫున మఖ్దూం హైదరాబాదు అసెంబ్లీకి గెలిచాడు. ఉర్దూలో కవిత్వం రాసే ముసల్మానుకి ఓటేసింది నల్లగొండ తెలుగు రైతులు, కూలీలు. రజాకార్ల దాడులు వాళ్లకి నిన్నమొన్నటి సంగతి. పోలీసు చర్య తర్వాత మా ఊళ్లల్లో పారిన నెత్తురూ నిన్నమొన్నటిదే. అయినా వాళ్లు మఖ్దూంని తురకోడుగా లెక్కకట్టలేదు, తమవాడిగా లెక్కకట్టారు. హల్లాజ్‌కి ఇలాంటి హుజూర్‌నగర్ లేదు. సర్మద్‌కీ లేదు.

మఖ్దూంని ఉత్త బాధితుణ్ణి చేస్తే ఆ రైతులు చరిత్రలోంచి మాయమైపోతారు. ఒంటరి వీరుడొక్కడే మిగులుతాడు. ఏటా సెప్టెంబరు 17 రాగానే నిజాం నాటి ముసల్మాన్లందర్నీ రజాకార్ల ఖాతాలో రాసేవాళ్లకి కావలసింది కూడా అదే. షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు చంపారు కాబట్టి అతను మంచి ముసల్మాను. మఖ్దూం జైలుకి పోయాడు కాబట్టి అతనూ మంచివాడే. మిగతావాళ్లం సంజాయిషీ ఇచ్చుకుంటూ ఉండాలి! సెక్యులర్ మిత్రులు కూడా మమ్మల్ని ప్రేమించడానికి మా నుంచి ఒక శవాన్నో సంకెళ్లనో ఎందుకు అడుగుతారు?

మఖ్దూం 1969లో పోయాడు, ఉరికొయ్య మీద కాదు, గుండె ఆగి. అప్పటికి శాసనమండలి సభ్యుడు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది, హిమాయత్‌నగర్‌లో అతని పేర పార్టీ భవనం ఉంది. మన్సూర్ మా వాడే, సర్మద్ మా వాడే. వాళ్ల నెత్తుటికి మేం వారసులమే. అయితే హుజూర్‌నగర్ బ్యాలెట్ పెట్టెకి కూడా మేం వారసులం. ఆ వాటా వదులుకోం.