తొలిదశ పార్కిన్సన్ వ్యాధిలో మందుల సర్దుబాటు

పార్కిన్సన్ వ్యాధి మెదడులోని కొన్ని నాడీకణాలు క్రమంగా నశించుట వలన కలిగే దీర్ఘవ్యాధి. వాడుకలో దీనిని వణుకుడు రోగం అంటారు. ఆయుర్వేదంలోని కంపవాతముతో దీనికి పోలికలు ఉన్నాయి. లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీనిని వివరించినందున ఆయన పేరే స్థిరపడింది. మధ్యమెదడులో నల్లగా కనిపించే ఒక భాగంలోని కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. అవి తగ్గేకొద్దీ కదలికలు మందగించుట, కండరాలు బిగుసుకొనుట, విశ్రాంతిగా ఉంచిన చేయి వణకుట వంటి లక్షణాలు బయటపడతాయి. వ్యాధిని నయం చేసే మందు గాని, దాని గమనాన్ని ఆపగలదని రుజువైన మందు గాని నేటికీ లేదు. ఉన్నవి లక్షణాలను తగ్గించేవే. కనుక తొలి సంవత్సరాలలో చికిత్స అంటే ఆ రోగికి తగిన మందును, తగిన మోతాదును వెదకుటయే. ఇది ఒక్క చీటీతో తేలే పని కాదు.

లెవోడోపా

ఈ చికిత్సకు ప్రధానమైన లెవోడోపాను 1937లో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి దూలగొండి గింజల నుండి వేరుచేశారు. ఈ వ్యాధిలో దాని ఉపయోగం అప్పటికి తెలియదు. 1950వ దశకం చివర స్వీడను శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్, సర్పగంధి నుండి లభించే రిసెర్పిన్‌తో కదలిక కోల్పోయిన కుందేళ్ళు డోపా ఇవ్వగానే తిరిగి కదలుటను చూపాడు. 2000లో నోబెల్ బహుమతిని పంచుకున్నవారిలో ఆయన ఒకరు. 1961లో వియన్నాలో బిర్క్‌మేయర్, హార్నికీవిచ్ దీనిని సూదిమందుగా రోగులకు ఇచ్చారు. ఫలితం ఆశ్చర్యకరమే గాని కొద్ది గంటలే నిలిచింది. 1967లో అమెరికాలో జార్జ్ కాట్జియాస్ డోపాను నోటి ద్వారా, అల్ప మోతాదుతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతూ ఇచ్చి నిలకడైన ఫలితం సాధించాడు. మెల్లగా పెంచే ఆ పద్ధతే నేటికీ అనుసరణీయం.

ఎప్పుడు ప్రారంభించాలి

లెవోడోపా కొన్నేళ్ళే పనిచేస్తుందనీ, ముందే వాడితే తరువాత మిగలదనీ ఒక భయం రోగులలోనే కాక కొందరు వైద్యులలో కూడ ఉండేది. ఈ భయంతో చొక్కా గుండీలు పెట్టుకోలేని స్థితిలోనూ మందు మానుకున్నవారు ఉన్నారు. ఘనా, ఇటలీ దేశాల రోగులను పోల్చి 2014లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, మందు ప్రభావం మధ్యలో తగ్గిపోవుట, అసంకల్పిత కదలికలు అనే చిక్కులు వ్యాధి వయస్సును, మోతాదును బట్టి వస్తాయి గాని మందు ఎన్నేళ్ళు వాడారన్న దానిని బట్టి కాదు. 445 మందిపై జరిగి 2019లో వెలువడిన మరొక పరీక్షలో, ముందుగా మొదలుపెట్టినవారికీ నలభై వారాలు ఆగి మొదలుపెట్టినవారికీ 80 వారాల తరువాత తేడా కనిపించలేదు. అనగా త్వరపడితే వ్యాధి నెమ్మదించదు, హానీ లేదు. లక్షణాలు నిత్యజీవితానికి అడ్డువస్తున్నాయా లేదా అన్నదే కొలబద్ద.

మోతాదు

లెవోడోపా మెదడుకు చేరకముందే డోపమైన్‌గా మారితే వాంతులు వస్తాయి. దీనిని నివారించుటకు కార్బిడోపాను కలుపుతారు. మన దేశంలో దొరికే మాత్రలపై 110, 125, 275 వంటి అంకెలు ఈ రెంటి మొత్తాన్ని తెలుపుతాయి. 110లో లెవోడోపా 100, కార్బిడోపా 10 మి.గ్రా.; 125లో 100, 25; 275లో 250, 25. వాంతులను అదుపు చేయుటకు రోజుకు సుమారు 70 నుండి 100 మి.గ్రా. కార్బిడోపా అవసరం. 110 మాత్రలు మూడు వేసుకొంటే 30 మి.గ్రా. మాత్రమే అందుతుంది. మందు పడలేదని మానివేసిన కొందరికి అసలు లోపం ఇదే. ఈ అంకెలను గమనించక ఒకదాని బదులు మరొకటి కొనుట కూడ పొరపాటు.

సాధారణంగా అర మాత్రతో గాని ఒకదానితో గాని మొదలుపెట్టి, కొన్ని వారాలలో రోజుకు మూడుసార్లకు పెంచుతారు. తొలిదశలో చాలామందికి రోజుకు 300 నుండి 600 మి.గ్రా. లెవోడోపా సరిపోతుంది. తక్కువ మోతాదును కొద్దిరోజులు వాడి మందు పనిచేయలేదని తీర్మానించరాదు. మందగమనం, బిగుతు తగ్గినంతగా వణుకు తగ్గకపోవచ్చును. వికారం ఉన్నవారు మొదట్లో తేలికపాటి ఆహారంతో వేసుకొనవచ్చు. తరువాతి దశలో మాత్రం మాంసకృత్తులు మందుతో పోటీపడతాయి గనుక భోజనానికి అరగంట ముందు వేసుకొనుట మేలు. ఇనుము మాత్రలను దీనితో కలిపి తీసుకొనరాదు.

ఇతర మందులు

ప్రమిపెక్సోల్, రోపినిరోల్ డోపమైన్‌ను అనుకరిస్తాయి. వీటితో అసంకల్పిత కదలికలు తక్కువ గనుక పిన్నవయస్కులకు తరచుగా ఇస్తారు. అయితే ఆకస్మిక నిద్ర, పాదాల వాపు, భ్రమలు కలుగవచ్చు. అన్నిటికంటె గుర్తించవలసినది జూదం, విపరీతపు కొనుగోళ్ళు, అతితిండి, అతికామం వంటి అదుపు లేని కోరికలు. రోగి వీటిని మందుతో ముడిపెట్టడు, సిగ్గుతో దాచుతాడు. అందుచేత ఇంటివారికి ముందే చెప్పి ఉంచవలెను. రసజిలిన్ రోజుకొక మాత్ర చాలును గాని ప్రభావం స్వల్పం. పాసిటేన్ పేరుతో తెలిసిన ట్రైహెక్సీఫెనిడిల్ వణుకును తగ్గించినా వృద్ధులలో మతిమరుపు, మలబద్ధకం, మూత్ర ఇబ్బంది కలిగిస్తుంది.

వైద్యుని ఎంపిక, మార్పు

వ్యాధి నిర్ణయానికి తిరుగులేని రక్తపరీక్ష వాడుకలోకి రాలేదు. వైద్యుని పరిశీలనయే ఆధారం. 2016లో ప్రకటించిన ఒక సమీక్ష ప్రకారం ఈ రంగంలో నిపుణులు కాని వైద్యుల నిర్ణయం సుమారు 74 శాతం, నిపుణుల తొలి నిర్ణయం సుమారు 80 శాతం, కొంతకాలం గమనించిన తరువాత 84 శాతం సరియైనవి. అందుచేత రెండవ అభిప్రాయం కోరుట మొదటి వైద్యునిపై అపనమ్మకం కాదు. రోజుకు 600 మి.గ్రా. లెవోడోపాకైనా స్పందన లేకపోవుట, తొలి సంవత్సరాలలోనే తరచు పడిపోవుట వేరే వ్యాధిని సూచించవచ్చు. తలతిరుగుడుకు వాడే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులలో వాడే హాలోపెరిడాల్ ఇవే లక్షణాలను కలిగించగలవు గనుక పాత చీటీలన్నీ చూపవలెను.

వైద్యుని మార్చునప్పుడు మందుల పేర్లే కాక వేళలు, ఇంతకుముందు ఏ మందు ఎంత మోతాదులో ఎన్నాళ్ళు వాడినది, ఎందుకు మానినది వ్రాసి తీసుకొని పోవుట అవసరం. మోతాదు వేసిన ఎంతసేపటికి కదలిక తేలికైనదో, ఎప్పుడు తిరిగి మందగించినదో వారం రోజులు వ్రాసిన చిట్టా పరీక్షా ఫలితాలకు తీసిపోదు. ఒకేసారి రెండు మందులు మార్చితే మేలు దేనివలన, కీడు దేనివలన అన్నది తేలదు.

పాత మందులను కొత్త వైద్యుని కోసం ముందుగానే ఆపివేయరాదు. లెవోడోపాను హఠాత్తుగా మానితే తీవ్ర జ్వరం, కండరాల బిగుతు, స్పృహ తప్పుటతో ప్రాణాపాయం కలుగవచ్చు. ప్రమిపెక్సోల్ వంటివి ఆపితే ఆందోళన, నిస్సత్తువ వస్తాయి. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కడి మందుల వేళలు రోగి వేళలతో కలియవు. శస్త్రచికిత్సకు ముందు ఉపవాసం ఉంచునప్పుడు ఈ సంగతి మత్తు వైద్యునికి కూడ చెప్పవలసి ఉంటుంది.