గట్టు మీది నేల ఉసిరి

పామర్రు చుట్టుపక్కల తొలకరి పడ్డాక ఏ చేలోకి దిగినా గట్ల మీద నేల ఉసిరి కనిపిస్తుంది. ఈనెల కింద వరసగా ఆవగింజంత కాయలు. కామెర్లొస్తే వేళ్లతో సహా పీకి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగించడం మన పెద్దల వైద్యం.

ఆ పసరును ప్రయోగశాలకు ఎక్కించిన తొలి చేతుల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానివీ ఉన్నాయి. ఈ మొక్కలోని చేదు పదార్థం మీద అక్కడి రసాయన శాస్త్రవేత్తలు టి.ఆర్. శేషాద్రి, కృష్ణమూర్తి 1946లో వ్యాసం వెలువరించారు. మరో ఇరవై ఏళ్లకు ఎల్. రామచంద్రరావు బృందం ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్‌ల నిర్మాణం తేల్చింది. విషం తగిలిన ఎలుక కాలేయ కణాలను ఆ రెండూ కాపాడుతున్నాయని 1985లో రుజువైంది.

హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లమ్‌బర్గ్ కూడా నేల ఉసిరి వైపు చూశాడు. వైరస్ పెరుగుదలకు కావలసిన ఎంజైమును దీని సారం అడ్డుకుంటోందని ఆయన బృందం 1987లో ప్రకటించింది. మరుసటి ఏడాది మద్రాసు వైద్యుల ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి: నేల ఉసిరి మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఎంత ఆశ పుట్టి ఉంటుందో ఊహించండి!

ఆ ఆశ నిలవలేదు. తర్వాత చేసిన పరీక్షల్లో అంతటి ఫలితం మళ్లీ రాలేదు. వాటన్నిటినీ జల్లెడ పట్టిన 2011 నాటి కోక్రేన్ సమీక్ష, నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. పైగా నేల ఉసిరికి శాస్త్రీయ నామంగా ఫిల్లాంథస్ నిరూరి అని మనం రాసుకుంటూ వచ్చిన మొక్క చాలాచోట్ల అమారస్ అనే వేరే జాతి. ఏ మొక్కో, ఏ నేలదో, నీటితో తీసిన సారమో ఆల్కహాలుతో తీసిందో చెప్పని పరీక్షకు నా దృష్టిలో విలువ లేదు.

మరి ఊళ్లో పసరు తాగినవాళ్లు కోలుకున్నారు కదా? నిజమే. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. ఆ ఖ్యాతి మొక్కకు దక్కింది. బి రకం మాత్రం కొందరిని అలా వదలదు. అలాంటివారిలో పైకి ఏమీ కనిపించకుండానే ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేయవచ్చు.

దానికి గట్టి అడ్డుకట్ట 1997లో హైదరాబాదు నుంచే వచ్చింది. శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన షాన్‌వాక్-బి టీకా అది. కళ్లు పచ్చబడితే పసరుతో సరిపెట్టకండి, రక్తపరీక్ష చేయించండి. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపే బి టీకా వేయించండి.