మునగడానికి ముస్తాబు

వనపర్తికి సముద్రం ఎంత దూరమో చెప్పండి చూద్దాం! తూర్పుకు బయల్దేరినా వంద మైళ్లకు పైమాటే. అయినా ఆ సంస్థానపు రాజులు తమ సీమలో ఏకంగా ఏడు సముద్రాలు పెట్టించారు. కంగారు పడకండి, అవి చెరువులే. జనం వాటిని సప్తసముద్రాలంటారు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి పక్కన పరుచుకున్న చెరువు పేరు రంగసముద్రం. వాన తక్కువైన నేలమీద చెరువు నిండితే అది సముద్రమంత సంబరమే మరి!

ఇప్పుడా సీమ పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటూ సెలవులకు అసలు సముద్రానికే వెళుతున్నారు. అండమానులోనో గోవాలోనో వీపుకు సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగి, చేపల మధ్య నుంచి చెయ్యి వూపుతూ ఫోటోలు పంపుతున్నారు. తిరిగొచ్చిన అమ్మాయి, "అమ్మా, నాకంటూ సొంతంగా ఒక సెట్టు కొనుక్కుంటానే" అంటే తల్లి ఏం చెప్పాలి? ఏది మంచిదో, ఏది ముందు కొనాలో ఆవిడకేం తెలుస్తుంది?

తెలుస్తుందండీ! నీళ్లలోకి దిగేముందు ఏం కట్టుకోవాలన్న ప్రశ్న కృష్ణా తుంగభద్రల దరి వాళ్లకు కొత్తది కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో దానికి జవాబు పందిరిమీద కాసేది.

అదే సొరకాయ. కూరకు కొయ్యకుండా తీగకే వదిలేసిన కాయ ముదిరి, ఎండి, చెక్కలా గట్టిపడుతుంది. లోపలి గింజలూ గుజ్జూ పోతే మిగిలేది గాలి నిండిన బుర్ర. మోటబావుల్లో ఈత నేర్చుకునే పిల్లలకు దాన్ని నడుముకు కట్టి దింపేవారు. కొందరు బెండు కట్టేవారు. పెళ్లిలో బాసికాలు చేసే జీలుగుబెండు ఎంత తేలికో మనకు తెలియదూ? తరవాత లారీ ట్యూబు వచ్చి సొరబుర్రను అటకెక్కించింది.

సొరబుర్రను ఎంచడంలో ఒక శాస్త్రం వుండేది. పైన నునుపుగా వుందా అని కాదు చూసేది. వేలితో కొట్టి మోత వినాలి. తొడిమ దగ్గర బీటవుందేమో వెలుతురుకు పట్టి చూడాలి. ఎంత చిన్న చిల్లున్నా నీళ్లు లోపలికి పోతాయి. ఇక అది తేలదు, కట్టుకున్నవాణ్ణీ తేలనివ్వదు. నీళ్లలో కొత్తవాడికి మొదటి సామాను కిందికి తీసుకెళ్లేది కాదు, పైకి తీసుకొచ్చేది. ఈ ఒక్క మాటా గుర్తుపెట్టుకోండి. తరవాతి కథంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఇదే సొరబుర్ర ఎక్కడో దక్షిణ కొరియాలో కనిపిస్తే మీకు ఆశ్చర్యం కలగదూ? అక్కడ జేజు అనే దీవిలో ఆడవాళ్లే సముద్రంలో మునిగి శంఖుజాతి గుల్లలూ, సముద్రపు నాచూ ఏరుకొచ్చి సంసారాలు నడిపారు. వాళ్లను హేన్యో అంటారు, అంటే సముద్రపు స్త్రీలు. వెంట తీసుకెళ్లే తెప్పను తేవాక్ అంటారు. పూర్వం అది ఎండిన సొరబుర్రే! దాని కింద వల సంచీ వేలాడదీసి, ఊపిరి బిగబట్టి మునిగి, పైకొచ్చి ఆ బుర్రను పట్టుకుని సేద తీరేవారు. తరవాత బుర్ర పోయి థర్మోకోల్ లాంటిది వచ్చింది, నూలుబట్టలు పోయి రబ్బరు సూటు వచ్చింది. సిలిండరు మాత్రం వాళ్లు వద్దనుకున్నారు. దానితో దిగితే ఏరడానికి హద్దుండదని వాళ్ల కట్టుబాటు. 2016లో యునెస్కో వాళ్ల సంప్రదాయాన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అరవై, డెబ్భై ఏళ్లు దాటిన అవ్వలు కూడా మునుగుతున్నారు.

అదే సొరతీగ మన పందిరిమీదా వుంది. కాని బుర్ర కట్టించుకున్నది తమ్ముడు, గట్టున కూచుని బట్టలు కాపలా కాసింది అక్క. నీళ్లు తోడేది ఆడవాళ్లు, మోసేది ఆడవాళ్లు, ఈదేది మాత్రం మగపిల్లలు! బిందె ముంచబోయి కాలు జారితే ఒడ్డుకు రావడం తెలియని ఆడపిల్లలు ఎందరో. అందుకే ఈ సామాను ముచ్చట వట్టి సరదా ముచ్చట కాదు.

నది దాటడానికి సొరబుర్ర చాలదు కనక పుట్టి వచ్చింది. వెదురు బద్దలతో అల్లిన గుండ్రని పెద్దబుట్ట, దానికి బయట పూర్వం తోలు, తరవాత తారు పూసిన పట్టా. 1520 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరం వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఆనెగొంది రేవులో ఈ పుట్లను చూసి రాసిపెట్టాడు. పదిహేను ఇరవైమందిని మోస్తాయనీ, తిన్నగా పోలేక గిరగిరా తిరుగుతూ పోతాయనీ వర్ణించాడు. ఆ రేవును తాకిన తుంగభద్రే దిగువన అలంపురం గుళ్ల పక్కనుంచి పారి కృష్ణలో కలుస్తుంది. సోమశిల దగ్గరా, బీచుపల్లి దగ్గరా ఎన్ని తరాలు ఈ బుట్టల్లో దాటాయో! పుట్టి ఎక్కేవాళ్లూ చూసేది ఒక్కటే: పట్టా ఎక్కడైనా చిరిగిందా, అతుకు వూడిందా అని.

నది మీద దాటడం సరే, నది కిందికి చూడాలని ఇక్కడివారికి ఎందుకనిపిస్తుంది? అనిపించే కారణం వుంది. శ్రీశైలం ఆనకట్ట పూర్తయి 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు కృష్ణకు ఇటు పాలమూరు జిల్లాలోనూ, అటు కర్నూలు జిల్లాలోనూ వంద దాకా గ్రామాలు ముంపులో పడ్డాయి. పురావస్తుశాఖవారు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. జటప్రోలు గుళ్లనూ అలాగే తరలించారు. దేవుళ్లు కదిలారు. అరుగులూ, పెరళ్లూ, బావిగట్లూ కదలలేదు. అటువైపు సంగమేశ్వరం గుడి ఏటా నీళ్లు తగ్గినప్పుడు శిఖరం నుంచి మెల్లగా బయటపడుతుంది, మళ్లీ వరదకు మునుగుతుంది. పుట్టిల్లు నీటికింద వున్న ఆడవాళ్లకు, అక్కడ ఏం మిగిలిందో ఒక్కసారి చూసిరావాలనిపించడం వింత కాదు. అయితే ఒండ్రు కలిసిన జలాశయంలో చేతికి చెయ్యి కనపడదు, మునిగిన చెట్లూ వలలూ చుట్టుకుంటాయి. ఎంత సామానున్నా అక్కడ సరదాకు దిగరాదు.

ఇక ఆ సామాను ఎలా పుట్టిందో చూద్దాం. 1837 నాటికి లండనులో ఆగస్టస్ సీబే ఇత్తడి, రాగి శిరస్త్రాణం బిగించిన సూటు తయారు చేశాడు. పైనున్న ఓడ నుంచి గొట్టంలో గాలి కొట్టేవారు. గొట్టం ఎంత దూరమైతే అంతే స్వేచ్ఛ, ముక్కుతాడు వేసినట్టే! 1933లో ఫ్రాన్సులో లూయీ ద కోర్లియే కాళ్లకు తొడుక్కునే రబ్బరు తెడ్లకు పేటెంటు తీసుకున్నాడు. బాతుకాళ్లు చూసి మనిషి నేర్చుకున్న పాఠం అది.

అసలు మలుపు 1943లో. జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారికి నీటిలో గొట్టం లేకుండా తిరగాలని కోరిక. ఆయన భార్య సిమోన్ తండ్రి గాలి, వాయువుల వ్యాపారం చేసే పెద్ద కంపెనీలో అధికారి. మామగారి పరిచయంతో ఆ కంపెనీ ఇంజనీరు ఎమీల్ గాన్యాన్‌ను కలిశాడు. యుద్ధకాలపు పెట్రోలు కరువులో మోటారుకార్లను గ్యాసుతో నడపడానికి గాన్యాన్ ఒక రెగ్యులేటరు తయారు చేసి వున్నాడు. దాన్నే మార్చి, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, పీల్చినంత మాత్రమే గాలి ఇచ్చేటట్టు చేశారు. తొలి మునక వేసినప్పుడు సిమోన్ పైన తేలుతూ, గొట్టంతో ఊపిరి పీలుస్తూ భర్తనే చూస్తూ కాపలా కాసింది. తరవాత తనూ మునిగింది. వాళ్ల ఓడ కాలిప్సోకు సామాను సమకూర్చడానికి నగలు కూడా అమ్మిందని చెబుతారు. ఎక్కడైనా కథ ఇంతే కదండీ!

ఆ రెగ్యులేటరు మన వంటింటి గ్యాసు రెగ్యులేటరుకు దగ్గర చుట్టమే. సిలిండరులో కుక్కివున్న ఒత్తిడిని తగ్గించి వాడుకునేంతగా అందించడమే రెండింటి పనీ. కాకపోతే నీటి కింద ప్రతి పది మీటర్లకూ మరొక వాతావరణమంత బరువు మీద పడుతుంది. ఎంత లోతుకు పోతే అంత ఒత్తిడితో గాలి ఇవ్వాలి. పది మీటర్ల దగ్గర పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే వూపిరితిత్తులు చిట్లుతాయి. అందుకే సిలిండరుతో మునిగేవారికి మొదటి సూత్రం, ఎప్పుడూ ఊపిరి ఆపకు అని.

మరి మొదట ఏం కొనాలి? అంగడివాడు సెట్టంతా చూపిస్తాడు. మీరు ముందు మాస్కు ఒక్కటే తీసుకోండి. నీరు కంటికి తగిలితే అంతా మసకే. కంటికీ నీటికీ మధ్య కాస్త గాలి వుంటేనే చూపు. వట్టి ఈతకళ్లజోడు లోతుకు పనికిరాదు, ముక్కు లోపల వుండాలి. ముక్కుతో కాస్త గాలి వదిలితేనే ఒత్తిడి సమానమై అద్దం ముఖాన్ని పీల్చకుండా వుంటుంది. పట్టీ వేసుకోకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి చెయ్యి వదలండి. రాలకుండా నిలిచిందా, అది మీ ముఖానికి సరిపోయినట్టు. రాలిపోయిందా, ఎంత ఖరీదైనా మీది కాదు. కళ్లజోడు వాళ్లకు పవరు అద్దాలు బిగించే మాస్కులున్నాయి.

తరవాత స్నార్కెల్ గొట్టం, పాదానికి ఒరవకుండా సరిపోయే ఫిన్లు. వెట్‌సూటు ఒంటికి అతుక్కుని వుండాలి, ఊపిరికి అడ్డం రాకూడదు. సిలిండరు, రెగ్యులేటరు, గాలి నింపుకునే జాకెట్టు, సీసం బరువులు మొదట అద్దెకే మంచిది. వాటికి క్రమం తప్పని పరీక్ష, మరమ్మతు కావాలి. ఏడాదికొకసారి మునిగేవాళ్లకు ఇంట్లో బరువు తప్ప లాభం లేదు. ఇక జలుబు చేసిన రోజున ఎన్ని వున్నా గట్టునే కూచోవాలి. చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు.

ఇదంతా గద్వాల చీర కొనేవాళ్లకు ఒకరు చెప్పాలా? ఆ చీర ఒళ్లు నూలు, అంచూ పైటా పట్టు. రెండూ వేరు స్వభావాలు. అందుకే తెలిసినావిడ ముందు చూసేది జరీ మెరుపు కాదు, నూలూ పట్టూ కలిసిన చోటు. ఆ అతుకు గట్టిదయితే చీర గట్టిది. సొరబుర్రకు తొడిమ దగ్గర, పుట్టికి పట్టా అతికిన దగ్గర, మాస్కుకు రబ్బరు ముఖాన్ని తాకే దగ్గర, రెగ్యులేటరుకు సిలిండరు కలిసే దగ్గర చూపు నిలిపితే చాలు. ప్రాణం వుండేది ఆ అతుకుల్లోనే.

అయితే అన్నిటికన్నా ముందు కొనవలసినది ఒకటుంది. అది అంగట్లో దొరకదు. చాలా శిక్షణ సంస్థలు సిలిండరు తగిలించే ముందు రెండు వందల మీటర్లు ఈదమనీ, పది నిమిషాలు కదలకుండా తేలమనీ అడుగుతాయి. అమ్మాయి సెట్టు అడిగితే కాదనకండి. ఈత నేర్పించి, ఆ తరవాత మాస్కు కొనిపెట్టండి. తమ్ముడి బట్టలకు గట్టున కాపలా కూచున్న అక్కలు, ఇప్పుడు నేర్పేవాళ్లుంటే తామూ నేర్చుకోవచ్చు. జేజు అవ్వలు వయసు అడ్డమనుకోలేదు కదా!