ఎండతో మురుగునీటి శుద్ధి

రంగుచీరను నీడన ఆరవేయవలెనని తెలియని ఇల్లాలు ఉండదు. ఎండ తగిలిన రంగు వెలియును. వెలుగు రంగుపదార్థమును విరుగగొట్టుననుటకు ఇది చాలును. ఈ శక్తికి ఒక తెల్లని పొడిని తోడు చేసి మురుగునీటిని శుద్ధి చేయు విద్య పుట్టినది. దాని అవసరమెంతటిదో హైదరాబాదునకు పడమట నున్న పటాన్‌చెరు చెప్పగలదు.

1970 దశకము నుండి అచట మందుల, పురుగుమందుల, రసాయనముల కర్మాగారములు వెలసినవి. వాని మురుగు నక్కవాగున కలిసి మంజీర దారి పట్టినది. వాగునీటితో వరి పండించుకొను పల్లెలు 1980 దశకమున ఆందోళనకు దిగినవి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరినది. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రము వెలసినది. ఇట్టి కేంద్రములలో మలినమును తినివేయు పని సూక్ష్మజీవులది. కాని సూక్ష్మజీవులను చంపుటకై చేసిన మందే ఆ నీటిలో నున్నచో? 2007లో స్వీడను శాస్త్రజ్ఞుడు లార్సన్, ఆయన సహచరులు ఆ కేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించిరి. ఆ మందు మింగిన రోగి రక్తములోనైనను అంత ఉండదు!

ఇక పొడి సంగతి. అది గోడల తెల్లరంగులో వాడు టైటానియం డయాక్సైడే. దానిపై వెలుగు పడిన నీరు విడివడునని 1972లో జపానువారు ఫుజిషిమా, హోండా చూపిరి. 1977లో అమెరికాలో ఫ్రాంక్, బార్డ్ దానితోనే నీటిలోని సైనైడును విరిచిరి. అతినీలలోహిత కిరణము సోకగా రేణువులో ఒక ఎలక్ట్రాను తన చోటు వదలును. ఆ ఖాళీ, నీటి నుండి హైడ్రాక్సిల్ అను మహా చురుకైన శకలమును పుట్టించును. అది కర్బన పదార్థమును తునుకలు చేయగా, కడకు మిగులునది చాలవరకు బొగ్గుపులుసు గాలి, నీరు. పొడి మాత్రము తరుగదు.

మన తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు, ఫ్రెంచి సహచరులతో కలిసి, రంగుల తయారీలో వాడు హెచ్-ఆమ్లమును ఇట్లే విరిచి 2003లో ప్రకటించిరి. నీటిలో కలిపిన పొడిని మరల వడకట్టుట కష్టము గనుక, దానిని పలుచని పొరగా అతికించియు చూచిరి.

అయితే చిక్కులు లేకపోలేదు. ఎండలో అతినీలలోహిత భాగము నూటికి అయిదు పాళ్ళకు మించదు; చాలనిచోట దీపములు, వానికి విద్యుత్తు కావలెను. చిక్కని రంగునీటిలో వెలుగు దూరదు. ఉప్పు ఈ విద్యకు లొంగనే లొంగదు. పటాన్‌చెరు మురుగులోనో లవణములు మెండు. కనుక మందు కలిసిన మురుగును వాగు దాక రానీయక, పుట్టినచోటనే పట్టి, ఉప్పును వేరుచేసి, వెలుగుతో విరిచి, పిదపనే సూక్ష్మజీవులకు అప్పగించవలెనని మా అభిప్రాయము.