టవర్‌కూ వడదెబ్బ తగుల్తది

పోస్టు కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

మొన్న ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, పటాన్‌చెరు, పాశమైలారం దిక్కు కరెంట్ పోయినా ఫోన్ నడుస్తది. మా కంగ్టి దిక్కు తండాల్ల గంట కాకముందే సిగ్నల్ పోతది, ఎండాకాలమైతే ఇంకా తొందరగా. ఎందుకు?" ఒక్క ముక్కలో చెప్పాలంటే, టవర్ కింద ఉన్న బ్యాటరీ ఎండకు చస్తది. కానీ ఆ ఒక్క ముక్క వెనక డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది.

సోలార్ ప్యానెల్ శాటిలైట్ల కోసం పుట్టిందని చాలామంది అనుకుంటరు. కాదు, టెలిఫోన్ కోసం పుట్టింది. 1950ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్ అనే ఇంజినీర్‌కు ఒక పని అప్పగించారు. వేడి, ఉక్కపోత ఉండే దేశాల్లో టెలిఫోన్ పరికరాలకు పెట్టే డ్రై సెల్ బ్యాటరీలు తొందరగా పాడైపోతున్నాయి, వేరే దారి వెతకమన్నారు. ఆయన, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ కలిసి 1954లో సిలికాన్ సోలార్ సెల్ చేసి చూపించారు. మరుసటి ఏడు జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ దగ్గర ఒక పల్లె టెలిఫోన్ లైన్‌కు దాన్ని బిగించారు. పనిచేసింది. ధర మోయలేక పక్కన పెట్టారు. అంటే మన తమ్ముడు అడిగిన ప్రశ్నే ఆ కనిపెట్టుడుకు మొదలు.

మన దేశంలో 1984లో సీ-డాట్ పెట్టారు. అప్పటి విదేశీ డిజిటల్ ఎక్స్ఛేంజీలకు ఏసీ గది కావాలి. ఊర్లల్ల మనుషులకే ఫ్యాన్ లేని రోజులవి, మిషన్‌కు ఏసీ ఎక్కడ పెడతరు? శామ్ పిట్రోడాతో పనిచేసిన కుర్ర ఇంజినీర్లు ప్రశ్ననే తిప్పేశారు. మిషన్‌కు చల్లదనం ఇచ్చుడు కాదు, ఎండకు ఓర్చుకునే మిషన్ చేద్దామన్నారు. అట్ల వచ్చింది 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజీ. తక్కువ కరెంట్ తాగుతది కాబట్టి తక్కువ వేడెక్కుతది, దుమ్మునూ ఓర్చుకుంటది. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో మొదటిది పెట్టారు. నా లెక్కలో ఈ చరిత్ర మొత్తంలో అసలు మలుపు అదే.

తర్వాత 1990లలో ఊరికో పబ్లిక్ ఫోన్ అని రేడియోతో నడిచే ఫోన్లు పెట్టారు. గుంజ మీద యాంటెన్నా, చిన్న సోలార్ ప్యానెల్, కింద బ్యాటరీ. అవి తరచూ మూగబోయేవి. చివరికి లక్షన్నరకు పైగా ఫోన్లను వేరే టెక్నాలజీతో మార్చాల్సి వచ్చింది. ఇక్కడ మనవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఆ ఫోన్ ఇచ్చింది రెవెన్యూ గ్రామానికి. తండా అంటే ఆ రోజుల్లో గ్రామం కాదు, పక్క ఊరికి శివారు. మన తండాలు గ్రామ పంచాయతీలైంది 2018 చట్టంతోనే. అప్పటిదాకా సర్కారు లెక్కలో ఊరికి ఫోన్ వచ్చినట్టే, తండాకు మాత్రం రెండు మూడు కిలోమీటర్ల నడక.

1995లో మొబైల్ వచ్చింది. విచిత్రం ఏందంటే, కిట్టూరులో నేర్చుకున్న పాఠం అక్కడ మరిచిపోయారు. టవర్ కింద మూసిన షెల్టర్ గది, దానికి ఏసీ. రేడియో పరికరం 40 డిగ్రీలు దాటినా ఎట్లనో ఓర్చుకుంటది. ఓర్వలేనిది బ్యాటరీ. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు మంచిది. ఆపైన ప్రతి 10 డిగ్రీలకు దాని ఆయుష్షు దాదాపు సగం పడిపోతది. పదేళ్లు రావాల్సింది 35 డిగ్రీల్లో ఐదేళ్లు, 45లో రెండున్నర. ఇట్లాంటి బ్యాటరీలు చేసే పెద్ద కంపెనీల్లో రెండు మనవే: తిరుపతి దగ్గర అమర రాజా, హైదరాబాద్‌లో హెచ్‌బీఎల్. కానీ బ్యాటరీ ఎవరు చేసినా మే నెల ఎండ ఒకటే.

మరి ఆ ఏసీని సోలార్ మీద నడపొచ్చు కదా? లెక్క వేద్దాం. చిన్న షెల్టర్ ఏసీ ఒకటిన్నర కిలోవాట్లు తాగుతది. రోజుకు 12 గంటలు నడిస్తే 18 యూనిట్లు. మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్ల పైచిలుకు ఇస్తది. అంటే ఏసీ ఒక్కదానికే నాలుగు కిలోవాట్లకు మించి ప్యానెల్స్ కావాలి. రాత్రికి నడవాలంటే బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీని చల్లబెట్టడానికి మళ్లీ ఏసీ కావాలి! పామే తన తోకను మింగినట్టు. అందుకే కంపెనీలు డీజిల్ జనరేటర్ పట్టుకున్నయి. దేశంలోని టవర్లు ఏడాదికి సుమారు 200 కోట్ల లీటర్ల డీజిల్ తాగుతున్నయని 2011లో ట్రాయ్ చెప్పింది. 2012 జనవరిలో టెలికం శాఖ ఆదేశం ఇచ్చింది: 2015 కల్లా పల్లె టవర్లలో సగం, పట్నం టవర్లలో 20 శాతం సోలార్ లాంటి హైబ్రిడ్ కరెంట్ మీద నడవాలని. గడువు దాటింది, డీజిల్ వాసన పోలేదు.

అదే రోజుల్లో మన జిల్లాలో పవర్ కట్లు గుర్తున్నయా? 2012, 13లో ఫ్యాక్టరీలకు కూడా పవర్ హాలిడేలు. బెల్ట్‌లో కాంట్రాక్ట్ పనికి పోయిన మన అన్నలకు ఆ రోజు కూలి లేదు. అయినా అక్కడ ఫోన్ మోగేది. దగ్గర దగ్గర టవర్లు, రీచార్జి చేసేటోళ్లు లక్షల్లో, కాబట్టి డీజిల్ పోస్తరు, బ్యాటరీ పోతే మారుస్తరు. నారాయణఖేడ్ దిక్కు ఒక్క టవర్ చుట్టూ పది తండాలు, అందులో సగం ఇండ్లు చెరుకు నరికే పనికి వలస పోయి తాళం వేసి ఉంటయి. చచ్చిన బ్యాటరీని మార్చే తొందర ఎవరికుంటది? తేడా ఎండలో లేదు తమ్ముడూ, రెండు చోట్లా ఒకటే ఎండ.

కిట్టూరు పాఠం మళ్లీ గుర్తొచ్చింది 2008 ప్రాంతంలో. వీఎన్ఎల్ అనే గుర్గావ్ కంపెనీ సుమారు వంద వాట్లతో నడిచే బేస్ స్టేషన్ చేసింది. ఏసీ లేదు, షెల్టర్ లేదు, డీజిల్ లేదు. రోజుకు రెండున్నర యూనిట్లు చాలు, చిన్న ప్యానెల్ సరిపోతది. 2014లో కేంద్రం నక్సల్ ప్రభావిత జిల్లాలకు 2,199 టవర్లు మంజూరు చేస్తే, బీఎస్ఎన్ఎల్ కోసం వీఎన్ఎల్, హెచ్ఎఫ్‌సీఎల్ ఇట్లాంటి సోలార్ సైట్లే కట్టినయి. మంచిదే, కానీ అవి 2జీ టవర్లు. 2020లో ఆన్‌లైన్ క్లాసులు వచ్చినప్పుడు మాట వినపడేది, పాఠం రాలేదు. వాటిని 4జీకి మార్చడానికి కేబినెట్ ఒప్పుకున్నది 2022లో.

ఇప్పుడు కొత్త సైట్లలో గది పోయి అలమార లాంటి క్యాబినెట్ వచ్చింది, ఏసీ బదులు ఫ్యాన్. వేడిని ఎక్కువ ఓర్చుకునే లిథియం బ్యాటరీలూ వస్తున్నయి. ఐటీఐ, డిప్లొమా ఎలక్ట్రికల్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ బ్యాటరీల పని పట్టి నేర్చుకోండి, ముందు ముందు పని అక్కడుంది.

ఒక పని చేద్దాం. మీ తండాకు సిగ్నల్ ఇచ్చే టవర్‌ను కంచె బయట నుంచే చూడండి, లోపలికి పోవద్దు. మూసిన గదా, క్యాబినెటా? ఏసీ డబ్బా తిరుగుతుందా? ప్యానెల్ ఉందా? కరెంట్ పోయినంక ఎన్ని నిమిషాలకు సిగ్నల్ పోయిందో రెండు మూడు రోజులు టైమ్ రాసి, తండా పేరు, మండలం పేరుతో కింద కామెంట్‌లో పెట్టండి. అన్నీ కలిపి ఒక పట్టిక చేస్త.