గిటార్ యాంప్లిఫయర్ క్యాబినెట్

ఎలక్ట్రిక్ గిటార్ యాంప్లిఫయర్ సర్క్యూటునూ స్పీకర్లనూ అమర్చే చెక్కపెట్టె. స్పీకర్‌తో పాటు పెట్టె కూడా కంపిస్తుంది కాబట్టి కలప రకం, అతుకుల బిగువు ధ్వనిలో తేడా తెస్తాయి.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1946లో తెచ్చిన యాంప్లిఫయర్లకు మేపుల్, వాల్‌నట్, మహాగని వంటి గట్టి కలప పెట్టెలుండేవి. మీద గుడ్డ లేదు. పాలిష్ కింద కలప నార కనిపించేది. సేకర్తలు వీటిని 'వుడీ' అంటారు. తర్వాత కొద్దికాలానికే ఫెండర్ సంస్థ తేలికైన పైన్ పలకలకూ ట్వీడ్ గుడ్డకూ మారింది. 1960లలో లండన్‌లో జిమ్ మార్షల్ నాలుగు 12 అంగుళాల స్పీకర్లను వెనుక మూసిన పెట్టెలో బిగించాడు. దానికి వాడింది బర్చ్ ప్లైవుడ్. అది పైన్ కన్నా బరువైనది, దాని కంపనం తక్కువ.

అసలు పనితనం మూలల్లో ఉంటుంది. పలకల అంచులను పళ్లుగా కోసి, రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు ఒకదానిలో ఒకటి దూర్చి జిగురుతో అతుకుతారు. దీనివల్ల జిగురు పట్టే మేర పెరుగుతుంది. పళ్లు వదులైతే అతుకు నిలవదు; మరీ బిగువైతే జిగురంతా బయటికి వచ్చేస్తుంది. నాలుగు పలకల నారా పెట్టె చుట్టూ ఒకే దిశలో తిరగాలి, అప్పుడే తేమకు అన్నీ సమంగా ఉబ్బుతాయి. గుడ్డ కప్పిన పెట్టెలో ఈ శ్రమ మరమ్మతు చేసేవారి కంటికి తప్ప పడదు.

1970లలో మెసా బూగీ యాంప్లిఫయర్ల సంస్థ స్థాపకుడు రాండల్ స్మిత్ గట్టి కలప పెట్టెలకు పేము అల్లిక జాలీ జోడించి ఆ కలపను మళ్లీ బయటపెట్టాడు.