గోడకు ఇరువైపులా చూసేవాడు

లండన్‌లో ఇరుగుపొరుగు ఇళ్ళ తగవుల మీద రాతలో మిగిలిన అతి పాత నియమాల్లో ఒకటి మరుగుదొడ్డి గుంట గురించినది. 1200 ప్రాంతంలో నగర పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు అది. గుంట లోపల రాతికట్టు ఉంటే పొరుగువాడి హద్దుకు రెండున్నర అడుగుల ఎడం, లేకపోతే మూడున్నర. చాలా ఏళ్ళుగా ఈ నగరంలో ఇళ్ళ సర్వేయర్‌గా బతుకుతున్న నాకు ఆ ఒక్క అడుగు తేడా అంటే గొప్ప గౌరవం. ఎవరో గుంట దగ్గరికి వెళ్ళి, మట్టిలో తడి ఎంత దూరం పాకుతుందో కళ్ళారా చూసి వేసిన లెక్కలాగే ఉంటుంది.

ఉమ్మడి గోడ సంగతీ అందులోనే ఉంది. ఇద్దరూ చెరి అడుగున్నర స్థలం వదలాలి, ఖర్చు చెరి సగం. గోడ మందం 3 అడుగులు, ఎత్తు 16 అడుగులు. ఒకరికి స్తోమత లేదనుకోండి, ఆ 3 అడుగుల స్థలమూ అతనే ఇస్తాడు, గోడ ఖర్చు రెండోవాడు పెట్టుకుంటాడు. ఎవరి వైపు వారు అడుగు లోతున గూళ్ళు పెట్టుకోవచ్చు గానీ నడుమ అడుగు మందం మిగలాలి. పేదవాడి చేత డబ్బుకు బదులు నేల ఇప్పించి గోడ లేపిన ఆ తీర్పరులెవరో గానీ, వాళ్ళకు ఇల్లు తెలుసు, మనుషులూ తెలుసు.

తగవు వస్తే మేయరు, ఆల్డర్‌మెన్ అనే నగర పెద్దలు స్వయంగా చోటు చూడ్డానికి వెళ్ళేవారు. ప్రమాణం చేసిన తాపీ మేస్త్రీలు, వడ్రంగులు చూసి చెప్పేవారు. 1301 నుంచి 1431 వరకు నడిచిన ఆ తగవుల దస్తాలు నేటికీ ఉన్నాయి. చూరునీళ్ళు మా గోడ మీద పడుతున్నాయని ఒకరు, పక్కింటి కిటికీలోంచి మా పెరడంతా కనిపిస్తోందని ఇంకొకరు. నిన్న నాకు వచ్చిన ఫోన్లూ ఇవే.

1666 సెప్టెంబరు అగ్నిప్రమాదంలో 13,200 ఇళ్ళు బూడిదయ్యాయి. ఇల్లు కాలినా కౌలు ఒప్పందం కాలలేదు. లేని ఇంటికి అద్దె కట్టమని, తిరిగి కట్టించమని యజమానులు నిలదీస్తే అద్దెదారులు ఏం చేస్తారు? అందుకే క్లిఫర్డ్స్ ఇన్‌లో ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. ముగ్గురేసి జడ్జీలు కూర్చుని, ఫీజు పుచ్చుకోకుండా తీర్పులిచ్చారు. 1667 చట్టం ఇటుక, రాయి తప్ప చెక్క గోడలు వద్దంది. ముందు కట్టేవాడు ఉమ్మడి గోడ చివర ఇటుకల్ని పళ్ళలా బయటికి వదలాలి, వెనక కట్టేవాడి గోడ అందులో అతుక్కోవడానికి. ఆ రెండోవాడు సగం ఖర్చు, దాని మీద నూటికి 6 వడ్డీ ఇవ్వాలి.

తిరిగి కట్టే ఈ ఇళ్ళ హద్దులకు మేకులు పాతినవారిలో రాబర్ట్ హుక్ ఒకడు. అవును, మనం బడిలో చదివిన స్ప్రింగు సూత్రం హుక్కే. ఒక్కో పునాది కొలిచి గుర్తు పెట్టడానికి 6 షిల్లింగుల 8 పెన్నీలు రుసుము. ఉమ్మడి గోడ పేచీలకూ ఆయనే వెళ్ళి చూసి నివేదిక రాసేవాడు. శాస్త్రవేత్తగా ఆయన్ని అందరూ తలుచుకుంటారు. బురదలో తాడు పట్టుకుని నిలబడ్డ హుక్‌ని నేను తలుచుకుంటాను.

బీమా ఆ బూడిదలోంచే పుట్టింది. 1680 ప్రాంతంలో నికొలస్ బార్బన్ ఇళ్ళకు అగ్ని బీమా మొదలుపెట్టాడు. చెక్క ఇంటికి ఇటుక ఇంటి ప్రీమియంకు రెట్టింపు. డబ్బు కోసం సొంత ఇంటికే నిప్పు పెట్టే బుద్ధులూ వెనకే వచ్చాయి. 1774 చట్టం దానికి విరుగుడు చెప్పింది: అనుమానం ఉంటే పరిహారం చేతికివ్వకుండా ఆ సొమ్ముతో ఇల్లే తిరిగి కట్టించవచ్చు. ఇంగ్లండ్‌లో ఆ సెక్షన్ ఇప్పటికీ అమల్లో ఉంది.

నేల కుంగితే పరిహారం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1971లో బీమా కంపెనీలు దాన్ని ఇంటి పాలసీల్లో చేర్చాయి. 1976లో ఘోరమైన అనావృష్టి. లండన్ బంకమట్టి మన నల్లరేగడి లాంటిదే, తడికి ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది. విక్టోరియా కాలపు ఇళ్ళ పునాదులు లోతు లేనివి. పగులు కిటికీ మూల నుంచి ఇటుక అతుకుల వెంట మెట్లు మెట్లుగా ఎక్కి, పైన వెడల్పుగా, కింద సన్నగా, లోపలా బయటా కనిపించిందంటే ఇంటి మూల కిందికి వాలుతోందన్నమాట. నీళ్ళు పీల్చిన చెట్టు పక్కింటిదైతే పగులు, పొరుగు తగవు, బీమా క్లెయిము మూడూ ఒకే గుమ్మంలోకి వస్తాయి.

ఉమ్మడి గోడ చట్టం 1997 జూలైలో ఇంగ్లండ్, వేల్స్ అంతటా అమల్లోకి వచ్చింది. ఇరుపక్షాలూ చెరో సర్వేయర్‌ని పెట్టుకుంటే, ఆ ఇద్దరూ ముందే మూడోవాణ్ణి ఎంచుకోవాలి. 1855 లండన్ చట్టం నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఇల్లు పెంచుకుంటున్న మన తెలుగువాళ్ళు “డబ్బు మేమిస్తున్నాం కదండీ, మీరు మా తరఫేగా?” అని అడుగుతారు. కాదండీ, అంటాను. ఒకసారి రాతపూర్వకంగా నియమించాక నన్ను తీసేసే అధికారం వాళ్ళకు లేదు, చట్టమే ఇవ్వలేదు. అందువల్లే పని మొదలయ్యే ముందు పక్కింట్లోకి వెళ్ళి, గది గదికీ ఉన్న పగుళ్ళు మిల్లీమీటర్లలో కొలిచి, నేనూ అవతలి సర్వేయరూ ఒకే కాగితం మీద రాసుకోగలుగుతున్నాం.